పాత మిలిటరీ జీపును గుర్తుపట్టడం: అపోహలు - వాస్తవాలు

వారానికి ఒకరైనా ఫోన్‌లో ఫోటో పంపుతారు. ఆకుపచ్చ బండి, ముందు నిలువు గీతల గ్రిల్లు, వెనక స్టెప్నీ. "అన్నా, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా జీపట. ఎంత పెట్టొచ్చు?" అని అడుగుతారు. పాత మిలిటరీ బండ్లు బాగుచేయడమే నా పని కాబట్టి అడగడంలో తప్పు లేదు. కానీ ముందువైపు నుంచి తీసిన ఒక్క ఫోటోతో ఏ బండి పుట్టుక చెప్పలేం. మన దగ్గర నాలుగు చక్రాలకూ పవర్ ఉన్న ప్రతిదీ జీపే. నిజానికి వాటిలో చాలావరకు ఒక దేశంలో డిజైన్ అయి, లైసెన్సు మీద ఇంకో దేశంలో తయారైనవి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నేను తరచూ వినే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు రాస్తున్నాను.

అపోహ: గ్రిల్లులో తొమ్మిది గీతలుంటే అది యుద్ధకాలం నాటి విల్లీస్, అంటే అమెరికా విల్లీస్ కంపెనీ జీపు.

వాస్తవం: ఇందులో సగమే నిజం. యుద్ధంలో వాడిన విల్లీస్ ఎంబీకి, దాన్నే ఫోర్డ్ తయారుచేసిన జీపీడబ్ల్యూకి గ్రిల్లులో తొమ్మిది గీతలు. యుద్ధం తర్వాత మామూలు జనానికి అమ్మిన సీజే రకాలకు ఏడు. అయితే ఫ్రాన్స్‌లో హాచ్‌కిస్ కంపెనీ లైసెన్సు మీద చేసిన ఎం201కి కూడా తొమ్మిదే. అది 1966 దాకా తయారైంది, మొత్తం 27,628 బండ్లు. చూడ్డానికి అచ్చం యుద్ధం నాటి జీపే, కానీ కరెంటు 24 వోల్టులు. అసలు ఎంబీది 6 వోల్టులు.

అంతకంటే ముఖ్యమైన విషయం, గ్రిల్లంటే బోల్టులతో బిగించిన ఒక రేకు. గంటలో మార్చేయొచ్చు. అందుకే నేను బండి దగ్గరకు వెళ్లగానే ముందు బంపర్ కింద పడుకుంటాను. రేడియేటర్ కింద, ఛాసీ రెండు పట్టీల మధ్య అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. అది గుండ్రటి పైపయితే విల్లీస్. బోర్లించిన కాలవలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ బండయితే బోల్టుల తలల మీద కూడా చిన్న 'ఎఫ్' అక్షరం కొట్టి ఉంటుంది. తుప్పును వైరు బ్రష్‌తో గీకితే కనిపిస్తుంది. ఎనభై ఏళ్ల కిందటి ఆ అక్షరం వేలికి తగిలినప్పుడు కలిగే సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇక హెడ్‌లైట్లు చూడాలి. ఎంబీలో అవి కీలు మీద వెనక్కి తిరుగుతాయి, రాత్రిపూట ఇంజన్ మీదికి వెలుగు పడేలా. పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ మోసపోయాను. లో బానెట్ జీపు, అంటే బానెట్ ఎత్తు తక్కువుండే యుద్ధం నాటి రూపం, తొమ్మిది గీతల గ్రిల్లు. టేపు పెట్టి చక్రం మధ్య నుంచి చక్రం మధ్యకు కొలిస్తే సరిగ్గా 80 అంగుళాలు వచ్చింది. అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాను. షెడ్డుకు తెచ్చాక డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి టార్చి వేస్తే, ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ సీట్లకూ మధ్య ఉండే అడ్డు రేకు) ఈ చివర నుంచి ఆ చివర దాకా వెల్డింగ్ గీత. పైన కొత్త రంగు. అది హై బానెట్ బండి, అంటే బానెట్ ఎత్తుగా ఉండే యుద్ధం తర్వాతి రకం. రేకు కోసి, ఎత్తు తగ్గించి, మళ్లీ అతికారు. వీల్‌బేస్ ఎలా సరిపోయిందంటారా? ఎంబీకీ 80 అంగుళాలే, హై బానెట్ సీజే3బీకీ 80 అంగుళాలే. టేపు నాకు అబద్ధం చెప్పలేదు, నేనే తప్పు ప్రశ్న అడిగాను.

అపోహ: హై బానెట్ జీపు 1960ల్లోనే ఆగిపోయింది, కాబట్టి ఆర్‌సీలో 1980లు అని ఉంటే కాగితాలు దొంగవి.

వాస్తవం: ఆగిపోయింది అమెరికాలో. సీజే3బీ 1953లో వచ్చింది. అక్కడ 1968 దాకా 1,55,494 బండ్లు చేసి ఆపేశారు. బానెట్ అంత ఎత్తు పెట్టింది అందం కోసం కాదు. పాత ఇంజన్‌లో వాల్వులన్నీ పక్కన ఉండేవి. కొత్త హరికేన్ ఇంజన్‌లో గాలి తీసుకునే వాల్వులు పైకెక్కాయి. ఇంజన్ ఎత్తు పెరిగింది, బానెట్ కూడా దానితో పాటే లేచింది. లైసెన్సు తీసుకున్న దేశాలు మాత్రం ఆ అచ్చును వదల్లేదు. జపాన్‌లో మిత్సుబిషి ఆ వంశం జీపులను 1998 దాకా చేసింది. మన మహీంద్రా కూడా దశాబ్దాల పాటు అదే రూపం నడిపింది. కాబట్టి 1980ల హై బానెట్ అంటే కంగారు పడక్కర్లేదు.

దీనికి తోడుగా వచ్చే మాట ఇంకోటి ఉంది: "ఇంజన్ చూస్తే తెలిసిపోతుంది." తెలియదు. మహీంద్రా తర్వాతి రోజుల్లో పెజో డీజిల్ ఇంజన్ పెట్టింది. పెట్రోలు ధర భరించలేక పాత బండ్లకూ జనం డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. మన రోడ్ల మీద పాత జీపులో పుట్టినప్పటి ఇంజనే ఉందంటే అది అదృష్టం. ముందు ఛాసీ నంబరు చూడండి, ఇంజన్ నంబరు చివర్లో.

అపోహ: బండి మీద జబల్‌పూర్ ఫ్యాక్టరీ పేరున్న ప్లేటు ఉంటే పూర్తిగా మన దేశం డిజైన్.

వాస్తవం: ఇది అన్నిటికంటే ఎక్కువగా వింటాను. జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ అంటే నాకు ఎంతో గౌరవం. ఆ చేతుల్లోంచి వచ్చిన బండ్లు హిమాలయాల్లో తిరిగాయి. అయితే ప్లేటు చెప్పేది ఎక్కడ బిగించారన్నదే, ఎవరు గీశారన్నది కాదు. శక్తిమాన్ లారీ జర్మనీకి చెందిన మాన్ కంపెనీ 415 రకం. 1959లో మొదటి బండి బయటికొచ్చింది కూడా అదే ఊళ్లోని గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ నుంచి. జీపులాంటి జోంగా బండి జపాన్ నిస్సాన్ కంపెనీ 'పాట్రోల్ 60' రకం. స్టాలియన్ లారీ అశోక్ లేలాండ్‌ది, ఎల్పీటీఏ 713 టాటాది. జబల్‌పూర్ అన్న ఊరిపేరు ఒక్కటే, వెనక నాలుగు వేర్వేరు కంపెనీలు. స్పేర్‌పార్టుల కోసం వెతికేటప్పుడు ఇది తెలియకపోతే నెలలు పోతాయి. జోంగాకు విల్లీస్ వస్తువులు వెతుకుతూ తిరిగినవాళ్లను చూశాను.

జోంగా అన్నది కూడా జపాన్ పేరు కాదు. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న ఇంగ్లిషు మాటల పొడి అక్షరాలు. జీపు పక్కన నిలబెడితే తేడా తెలిసిపోతుంది. వెడల్పు ఎక్కువ, బానెట్ కింద ఆరు సిలిండర్ల 3,956 సీసీ పెట్రోలు ఇంజన్. జీపుది నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లే.

అపోహ: ముందు పెద్ద గుండ్రటి మడ్‌గార్డులున్న వన్ టన్ (ఒక టన్ను బరువు మోసే) బండి అమెరికా డాడ్జ్.

వాస్తవం: మన సైన్యం వన్ టన్‌లలో చాలావరకు నిస్సాన్ 4డబ్ల్యూ73. పోలిక డాడ్జ్‌దే, అందులో అనుమానం లేదు. బానెట్ ఎత్తి సిలిండర్లు, సీసీ చూడండి, జోంగా ఇంజన్ కుటుంబమే కనిపిస్తుంది.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతేనే ల్యాండ్ రోవర్.

వాస్తవం: ఇంగ్లండ్‌లో పుట్టిన ల్యాండ్ రోవర్‌కు ఈ పరీక్ష చాలావరకు పనికొస్తుంది. యుద్ధం తర్వాత ఉక్కు కరువు వల్ల దాని బాడీ రేకులు అల్యూమినియం మిశ్రమంతో చేశారు. బెల్జియం సైన్యం కోసం మినర్వా కంపెనీ 1950ల్లో లైసెన్సు మీద చేసినవి మాత్రం ఉక్కు బాడీవి. అయస్కాంతం టక్కున పట్టుకుంటుంది. ముందు మడ్‌గార్డులు కూడా ఏటవాలుగా కిందికి జారి ఉంటాయి. విదేశాల్లో ఉంటున్న మనవాళ్లు పాత బండి కొనేముందు నన్ను అడిగితే మొదట చెప్పేది ఆ మడ్‌గార్డుల ఫోటో తీయమనే. స్పెయిన్ బండి మీద 'సాంటానా' అని ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. లినారెస్‌లోని ఆ ఫ్యాక్టరీ మొదట ల్యాండ్ రోవర్లు చేసింది, 1980ల నుంచి సుజుకీలూ చేసింది. పేరు ఒకటే, పార్టులు ఒకదానికొకటి పట్టవు.

అపోహ: ఆకుపచ్చ రంగుంటే మిలిటరీ బండే.

వాస్తవం: సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే. వేలంలో కొన్నాక ఆ రంగు మార్చాల్సిందే. అంటే ఇప్పుడు మీ ముందు నిగనిగలాడే ఆకుపచ్చ, తర్వాత ఎవరో పూసినది. అసలు రంగు కావాలంటే ఎవరూ బ్రష్ పెట్టని చోట చూడాలి: సీటు కింద, గ్లవ్ బాక్స్ లోపలి గోడ, వైపర్ మోటార్ వెనక. అక్కడ బ్లేడుతో మెల్లగా గీకితే పొరలు ఒక్కొక్కటే బయటపడతాయి. పైన పచ్చ, కింద తెలుపు, దాని కింద బూడిద రంగు వచ్చిందంటే ఆ బండి కథ వేరు.

పాత సైన్యం నంబరు ఎక్కడైనా మిగిలి ఉంటే అది మంచి ఆధారం. పైకి చూసే బాణం గుర్తు, తర్వాత రెండంకెల సంవత్సరం, ఆ తర్వాత ఒక అక్షరం. ఆ రెండంకెలు సైన్యం బండిని తీసుకున్న సంవత్సరం. డిజైన్ వయసు కాదు.

అపోహ: స్టీరింగ్ కుడివైపుంటే మనది, ఎడమవైపుంటే విదేశీ సైన్యానిది.

వాస్తవం: మహీంద్రా యూరప్‌కు పంపిన జీపులకు స్టీరింగ్ ఎడమవైపే. ఇక మన సైన్యానికి ప్రభుత్వ రంగ సంస్థ బెమెల్ ఇచ్చిన టాట్రా లారీలకు కూడా ఎడమవైపే ఉండేది. దాని మీద పెద్ద గొడవే జరిగింది. చెక్ దేశపు టాట్రాను స్టీరింగ్ బట్టి కాదు, కింద చూసి పట్టుకోవాలి. మామూలు లారీకి రెండు పొడవాటి పట్టీలతో నిచ్చెన లాంటి ఛాసీ. టాట్రాకు మధ్యలో ఒకే లావుపాటి గొట్టం వెన్నెముకలా పోతుంది, దాని రెండు పక్కల నుంచి సగం ఆక్సిళ్లు రెక్కల్లా కదులుతాయి. హైవే మీద సైన్యం టాట్రా లారీ ఖాళీగా ఆగి ఉన్నప్పుడు వెనక చక్రాలు చూడండి. కింది అంచులు లోపలికి, పై అంచులు బయటికి వాలి ఉంటాయి. లోడు ఎక్కాక అవే చక్రాలు నిటారుగా నిలబడతాయి.