నోట్స్ యాప్ మొదలుపెడుతున్నారా? ముందు ఈ అపోహలు వదలండి

ఆఫీసు సిబ్బందికి, విద్యార్థులకు కంప్యూటర్ నేర్పడం నా పని. నోట్స్ యాప్ మాట ఎత్తగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న: "ఏది మంచిదండీ?"

అపోహ: మంచి యాప్ వెతుక్కుని, ఫోల్డర్లు సర్దుకున్నాకే రాయాలి.

వాస్తవం: ఖాళీ ఫోల్డర్లు సర్దుతూ వారం గడిపి, ఆ తర్వాత యాప్ తెరవడమే మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. గూగుల్ కీప్ చాలు. ఇరవై నోట్స్ రాశాక ఏ ఫోల్డర్లు కావాలో మీకే తెలుస్తుంది.

అపోహ: తెలుగులో రాసుకుంటే మళ్లీ దొరకవు.

వాస్తవం: దొరుకుతాయి. కాకపోతే చాలా యాప్‌లు అక్షరాలనే పోల్చి చూస్తాయి, అర్థం జోలికి పోవు. నా దగ్గర నేర్చుకునే ఒకావిడ "ఇల్లు" అని వెతికి, ఏమీ రాలేదని టెన్షన్ పడ్డారు. తీరా చూస్తే ఆవిడ రాసుకున్నది "ఇంటి పన్ను రసీదు, పైన బీరువాలో". ఇల్లు, ఇంటి, ఇంట్లో మనకు ఒకటే మాట. యాప్‌కు మూడు వేర్వేరు మాటలు. నీళ్లు, నీటి కూడా అంతే. వాట్సాప్ అలవాటులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టిన నోట్స్ అయితే తెలుగు లిపిలో వెతికితే అసలే రావు. అందుకే ఒకే లిపిలో రాయమంటాను. శీర్షికలో మాత్రం మీ నోటికి వచ్చే మాటలన్నీ పెట్టండి: "ఇల్లు, ఇంటి పన్ను, హౌస్ ట్యాక్స్, 2025". చూడ్డానికి అందంగా ఉండదు, కానీ రెండేళ్ల తర్వాత కూడా దొరుకుతుంది.

అపోహ: క్లౌడ్‌లో ఉంది కాబట్టి భద్రమే.

వాస్తవం: సింక్ (అన్ని పరికరాల్లో ఒకేలా ఉంచడం) వేరు, బ్యాకప్ (విడిగా దాచుకునే కాపీ) వేరు. ఫోన్‌లో చెరిపేసిన నోట్ ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది. కీప్ ట్రాష్‌లో (చెరిపేసినవి చేరే చోట) 7 రోజులే ఉంటుంది. ఉచితంగా ఇచ్చేవి ఎప్పుడైనా మారొచ్చు: ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలకు 50 నోట్స్, ఒకే నోట్‌బుక్ అని పరిమితి పెట్టింది. కాబట్టి రాసినవి బయటికి తీసుకునే దారి ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. కీప్‌కు గూగుల్ టేకవుట్ (గూగుల్ ఖాతాలోని డేటాను డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం) ఉంది. అబ్సిడియన్ అనే నోట్స్ యాప్ అయితే కంప్యూటర్‌లో ప్రతి నోట్‌నూ మామూలు టెక్స్ట్ ఫైలుగానే దాస్తుంది, నోట్‌ప్యాడ్‌లోనూ తెరుచుకుంటుంది.

పాస్‌వర్డ్‌లు, ఏటీఎం పిన్ మాత్రం నోట్స్‌లో వద్దే వద్దు.

ఈ రాత్రికి ఒక్క నోట్ రాయండి. వారం తర్వాత, ఏం రాశారో గుర్తు లేనప్పుడు, మీకు తోచిన మాటతో వెతకండి. రాకపోతే ఆ మాటను శీర్షికలో చేర్చండి.