క్రిప్టో ఎక్స్ఛేంజ్‌కి ఏ దేశం? అపోహలు - వాస్తవాలు

"ఏ దేశంలో లైసెన్స్ త్వరగా, చవగ్గా వస్తుంది?" ఎక్స్ఛేంజ్ పెట్టాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఇదే. నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. మీ కస్టమర్లు ఏ దేశంలో ఉంటారు? వాళ్ల డబ్బుకి ఏ బ్యాంకు ఖాతా ఇస్తుంది? వీటికి జవాబు తెలిస్తే దేశాల జాబితా దానంతట అదే మూడు నాలుగుకి తగ్గిపోతుంది. తెలియకుండా ముందే దేశాన్ని ఖాయం చేసుకున్నవాళ్లు ఫీజులన్నీ కట్టేశాక మళ్లీ మొదటికొస్తారు. లైసెన్స్ దరఖాస్తుల పనిలో నాకు పదేపదే ఎదురయ్యే నమ్మకాలు, వాటి అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఏదో ఒక ద్వీప దేశంలో కంపెనీ పెడితే మిగతా దేశాల చట్టాలు మన జోలికి రావు

కంపెనీ చిరునామా ఎక్కడన్నది రెండో సంగతి. కస్టమర్ ఎక్కడున్నాడన్నదే అధికారులు ముందు చూస్తారు. బిట్‌మెక్స్ అనే ఎక్స్ఛేంజ్‌ను నడిపిన కంపెనీ సీషెల్స్‌లో నమోదైంది. అయినా అమెరికా కస్టమర్లను చేర్చుకుందని, వాళ్ల గుర్తింపు తనిఖీలు సరిగా చేయలేదని 2020 అక్టోబరులో అమెరికా అధికారులు కేసులు పెట్టారు. 2021లో 10 కోట్ల డాలర్లకు సివిల్ కేసుల్లో సెటిల్‌మెంట్ జరిగింది. 2022లో వ్యవస్థాపకులు నేరం ఒప్పుకున్నారు. 2025లో వాళ్లకు అధ్యక్ష క్షమాభిక్ష దొరికిన మాట నిజమే. కానీ కోర్టుల చుట్టూ తిరిగిన ఆ ఏళ్లను ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. ప్రధాన కార్యాలయం ఫలానా చోట ఉందని చాలాకాలం చెప్పని బైనాన్స్ ఎక్స్ఛేంజ్ కూడా 2023 నవంబరులో 430 కోట్ల డాలర్లకు అమెరికాతో రాజీ పడింది.

ఇది అమెరికా ఒక్కదాని సంగతి కాదు. బ్రిటన్‌లో 2023 అక్టోబరు 8 నుంచి క్రిప్టో ప్రకటనల నిబంధనలు విదేశీ కంపెనీలకూ వర్తిస్తున్నాయి. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. భారత్ 2023 డిసెంబరులో, మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద నమోదు కాని తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజ్‌లకు నోటీసులిచ్చింది.

"మేం పిలవలేదు, కస్టమరే వెతుక్కుంటూ వచ్చాడు" అనే వాదన యూరప్ విషయంలో తరచూ వింటాను. అలాంటి మినహాయింపు చట్టంలో ఉంది, కాకపోతే అది చాలా ఇరుకు. ఆ దేశపు భాషలో వెబ్‌సైట్ పెట్టినా, అక్కడి ఇన్‌ఫ్లుయెన్సర్‌కి డబ్బిచ్చి మాట్లాడించినా మీరు పిలిచినట్టే లెక్క.

దీనికి తిరగేసిన ఆలోచన కూడా ఉంది: మంచి పేరున్న దేశంలో ఆఫీసు పెట్టుకుని, అక్కడివాళ్లకు తప్ప మిగతా ప్రపంచానికి సేవలమ్మడం. సింగపూర్ ఆ దారిని 2025 జూన్ 30తో మూసేసింది. విదేశీ కస్టమర్లకు మాత్రమే సేవలందించినా సరే, సింగపూర్ నుంచి నడుపుతుంటే లైసెన్స్ ఉండాలి. అలాంటి లైసెన్స్ సాధారణంగా ఇవ్వబోమని అక్కడి నియంత్రణ సంస్థ ముందే చెప్పేసింది కూడా.

అపోహ: రిజిస్ట్రేషన్ ఉంటే లైసెన్స్ ఉన్నట్టే

కంపెనీ నమోదు పత్రం ఒకటి. మనీలాండరింగ్ నిరోధానికి చేసుకునే నమోదు ఇంకొకటి. వ్యాపారానికి అనుమతినిచ్చే లైసెన్స్ మూడోది. అమెరికాలో మనీలాండరింగ్‌పై నిఘా పెట్టే ప్రభుత్వ విభాగం ఫిన్‌సెన్ దగ్గర చేసుకునే నమోదు ఆన్‌లైన్‌లో ఫారం నింపితే అయిపోతుంది, ఫీజు కూడా లేదు. అది తమ ఆమోదం కాదని ఫిన్‌సెనే చెబుతుంది. అది చేసుకున్నాక కూడా చాలా రాష్ట్రాల్లో డబ్బు బదిలీ లైసెన్సులు విడివిడిగా తీసుకోవాలి. న్యూయార్క్‌కైతే 2015 నుంచి బిట్‌లైసెన్స్ అని ప్రత్యేకంగా ఉంది. నమోదు పత్రాన్ని వెబ్‌సైట్‌లో "ప్రభుత్వ లైసెన్స్" అని చూపించే కంపెనీలంటే నాకు కోపం. దాన్ని నమ్మి దాచుకున్న డబ్బు పెట్టేవాడికి ఈ తేడా తెలియదు.

దుబాయ్ విషయంలోనూ చిన్న గందరగోళం ఉంది. 2022లో ఏర్పడిన క్రిప్టో నియంత్రణ సంస్థ వారా పరిధి దుబాయ్ అంతా, ఒక్క డీఐఎఫ్‌సీ ఫైనాన్షియల్ జోన్ తప్ప. ఆ జోన్‌కి నియంత్రణ సంస్థ వేరు. అబుదాబిలోని ఏడీజీఎం ఫైనాన్షియల్ జోన్‌కి ఇంకొకటి. ఆఫీసు అద్దెకు తీసుకునే ముందే అది ఎవరి పరిధిలోకి వస్తుందో చూసుకోండి.

అపోహ: నిబంధనలు తేలికగా ఉన్న దేశమే స్టార్టప్‌కి మంచిది

ఎస్టోనియాని గుర్తు చేసుకోండి. 2017 నుంచి అక్కడ క్రిప్టో లైసెన్స్ చాలా సులువుగా వచ్చేది. వేల కంపెనీలు తీసుకున్నాయి. వాటిలో చాలావాటికి ఎస్టోనియాలో మనిషీ లేడు, పనీ లేదు. ఈలోగా డాన్స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ గుండా భారీగా అనుమానాస్పద సొమ్ము ప్రవహించిన సంగతి బయటపడి దేశం పరువు పోయింది. 2020లో నిబంధనలు బిగించారు. ఆ ఒక్క ఏడాదే వెయ్యికి పైగా లైసెన్సులు రద్దయ్యాయి. 2022లో కనీస మూలధనాన్ని 12,000 యూరోల నుంచి సేవను బట్టి 1,00,000 లేదా 2,50,000కి పెంచారు. వదులుగా ఉన్న నియమం చివరిదాకా వదులుగానే ఉంటుందనుకుని వ్యాపారం కట్టుకోకూడదు. బిగించే రోజు వస్తే, అక్కడ నిజంగా ఆఫీసు, ఉద్యోగులు లేని కంపెనీలే ముందు పోతాయి.

కఠినమైన నియమం ఎందుకు పనికొస్తుందో జపాన్ చూపించింది. 2014లో మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజ్ కూలింది, 2018 జనవరిలో కాయిన్‌చెక్ అనే మరో ఎక్స్ఛేంజ్‌లో హ్యాకింగ్ జరిగింది. ఆ దెబ్బలతో కస్టమర్ల ఆస్తిని కంపెనీ ఆస్తితో కలపకూడదనీ, కనీసం 95 శాతం క్రిప్టోని ఇంటర్నెట్‌కి కలపని కోల్డ్ వాలెట్‌లో ఉంచాలనీ అక్కడి నియమాలు గట్టిపడ్డాయి. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ కూలినప్పుడు ప్రపంచమంతా కస్టమర్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. దాని జపాన్ విభాగం కస్టమర్లు మాత్రం 2023 ఫిబ్రవరి నుంచే తమ సొమ్ము వెనక్కి తీసుకోగలిగారు. గ్రూపు ఒకటే, యజమానులూ ఒకటే. ఒక దేశపు నియమమే ఆ తేడా తెచ్చింది. ఇలాంటి నియమాన్ని తలనొప్పిగా చూసే ఫౌండర్‌తో నేను చాలాసేపు వాదిస్తాను.

అపోహ: ముందు లైసెన్స్, బ్యాంకు సంగతి తర్వాత

నా అనుభవంలో ఎక్కువమందిని ముంచేది ఇదే. లైసెన్స్ చేతికొచ్చాక బ్యాంకు దొరక్క మొదలుకాని ఎక్స్ఛేంజ్‌లున్నాయి. ఖాతా ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు సొంత నిర్ణయం. నియంత్రణ సంస్థ దాన్ని బలవంతం చేయలేదు. దొరికిన బ్యాంకు ఉంటుందన్న హామీ కూడా లేదు. అమెరికాలో ఎక్స్ఛేంజ్‌లు ఎక్కువగా ఆధారపడిన సిల్వర్‌గేట్ 2023 మార్చి 8న మూసివేత ప్రకటించింది. నాలుగు రోజులకే సిగ్నేచర్ బ్యాంకును అధికారులు మూసేశారు. రాత్రీ పగలూ డాలర్లు బదిలీ చేసుకునేందుకు అలవాటుపడ్డ రెండు దారులకూ కొద్ది రోజుల తేడాలోనే గండిపడింది.

దేశం పేరు ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. మనీలాండరింగ్ నిరోధానికి పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ గ్రే లిస్టులో (లోపాలున్నాయని నిఘాలో పెట్టిన దేశాల జాబితాలో) ఉన్న దేశపు కంపెనీ అంటే విదేశీ బ్యాంకులు అదనపు తనిఖీలు పెడతాయి. మాల్టా 2021 జూన్ నుంచి ఏడాదిపాటు, యూఏఈ 2022 మార్చి నుంచి 2024 ఫిబ్రవరి వరకు ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి దరఖాస్తు వేయకముందే కనీసం రెండు బ్యాంకులతో, ఒక పేమెంట్ సంస్థతో మాట్లాడండి. "ఈ దేశంలో ఈ లైసెన్స్ ఉంటే, ఈ దేశాల కస్టమర్ల డబ్బుకి ఖాతా ఇస్తారా?" అని సూటిగా అడగండి. వాళ్ల జవాబు ఎంపికనే మార్చేయవచ్చు.

అపోహ: కనీస మూలధనమే అసలు ఖర్చు

యూరోపియన్ యూనియన్ క్రిప్టో చట్టం మైకా కింద ట్రేడింగ్ వేదికకు కనీస మూలధనం 1,50,000 యూరోలు. అది చూసి "ఇంతేనా" అంటారు. కానీ ముందటి ఏడాది స్థిర ఖర్చుల్లో నాలుగో వంతు అంతకన్నా ఎక్కువైతే ఆ మొత్తం ఉండాలి. హాంకాంగ్‌లో చెల్లించిన మూలధనం 50 లక్షల హాంకాంగ్ డాలర్లు. దానికి తోడు 12 నెలల నిర్వహణ ఖర్చుకి సరిపడా లిక్విడ్ ఆస్తులు (వెంటనే నగదుగా మార్చుకోగలవి) చూపించాలి, కస్టమర్ల క్రిప్టోలో 98 శాతం కోల్డ్ స్టోరేజీలో ఉండాలి. ఇవన్నీ ఒక ఎత్తు, మనుషులు ఒక ఎత్తు. నిబంధనల అమలు చూసే, అనుభవమున్న కంప్లయన్స్ అధికారి, స్థానికంగా ఉండే డైరెక్టర్, సైబర్ భద్రత ఆడిట్, ట్రావెల్ రూల్ (క్రిప్టో పంపేవాళ్ల, అందుకునేవాళ్ల వివరాలు బదిలీతోపాటే పంపాలన్న నియమం) సాఫ్ట్‌వేర్, వీటి జీతాలూ బిల్లులూ కస్టమర్ ఒక్కడు రాకముందే మొదలవుతాయి. పేరుకి అద్దెకు తెచ్చుకున్న కంప్లయన్స్ అధికారిని నియంత్రణ సంస్థవాళ్లు ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే పట్టేస్తారు.

అపోహ: మైకా ఒకటే కాబట్టి 27 దేశాల్లో ఎక్కడ తీసుకున్నా ఒకటే

చట్టం ఒకటే, చదివే చేతులు వేరు. ఎక్స్ఛేంజ్‌ల నిబంధనలు 2024 డిసెంబరు 30 నుంచి అమల్లోకొచ్చాయి. దరఖాస్తు సంపూర్ణంగా ఉందో లేదో చూడటానికి 25 పనిదినాలు, నిర్ణయానికి మరో 40 అని చట్టం చెబుతుంది. మధ్యలో ప్రశ్నలొస్తే ఆ లెక్క ఆగుతుంది, ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. వేగంగా ఇచ్చే దేశాన్ని మిగతావాళ్లు గమనిస్తూనే ఉంటారు. 2025 జూలైలో యూరప్ మార్కెట్ల సంస్థ ఎస్మా, మాల్టా ఒక కంపెనీకి అనుమతిచ్చిన తీరును సమీక్షించి, అందులో కొన్ని అంశాల్ని ఇంకా లోతుగా చూడాల్సిందని తేల్చింది. ఆ సెప్టెంబరులో ఫ్రాన్స్, ఇటలీ, ఆస్ట్రియా నియంత్రణ సంస్థలు పర్యవేక్షణ బిగించాలని కోరాయి. మీ టీమ్ నిజంగా పనిచేయగల చోటే దరఖాస్తు వేయడం మేలు.

అపోహ: లైసెన్స్ ఉన్న కంపెనీని కొనేస్తే పని తొందరగా అయిపోతుంది

ఇలాంటి అమ్మకాల ప్రకటనలు కోకొల్లలు. మైకా కింద 10 శాతం, అంతకు మించి వాటా చేతులు మారాలంటే ముందుగా అధికారులకు తెలిపి, వాళ్ల పరిశీలన దాటాలి. కొనేవాడి గతం, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మొదటి నుంచీ తవ్వుతారు. పైగా పాత యజమాని గుర్తింపు తనిఖీ చేయకుండా చేర్చుకున్న కస్టమర్లూ, కట్టని జరిమానాలూ కంపెనీతోపాటే మీకు వస్తాయి. తప్పదనుకుంటే పాత కస్టమర్ ఫైళ్లలో కొన్నింటిని మీరే తీసి చదవండి, నియంత్రణ సంస్థతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ అడిగి తీసుకోండి. అవి ఇవ్వడానికి అమ్మేవాడు వెనకాడితే బేరం అక్కడితో ఆపేయండి.