స్ఫటికం వెళ్లి, క్రిస్టల్‌గా తిరిగొచ్చింది

తిరుపతి గోవిందరాజస్వామి గుడి దగ్గర పూసల దుకాణాల్లో మా చిన్నప్పుడు కనిపించే సరుకు తులసిమాలలు, రుద్రాక్షలు, పగడాల దండలు, స్ఫటిక మాలలు. ఈ నాలుగైదేళ్లలో వాటి పక్కన ఇంకో వరస చేరింది. సాగే దారానికి గుచ్చిన ఏడు రంగుల పూసలు, గులాబీ రంగు రాళ్లు, బంగారంలా మెరిసే పైరైట్ ముక్కలు. మా పిన్నితో వెళ్లినప్పుడు దుకాణం అబ్బాయి ఆకుపచ్చ పూసల బ్రేస్‌లెట్ ఒకటి ఆమె చేతిలో పెట్టి, "ఎత్తుకో అమ్మా, షుగరుకు బాగా పని చేస్తాది. మన పెద్దోళ్ల కాలం నాటిది ఇది" అన్నాడు. పిన్ని కొనింది. మూడు వారాల తర్వాత తెలిసింది, ఆమె రాత్రిపూట మాత్ర మానేసిందని.

ఆ అబ్బాయి తనకు చెప్పిందే మాకు చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. కానీ 'పెద్దోళ్ల కాలం నాటిది' అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. మన పెద్దవాళ్లు రాళ్లతో నిజంగా ఏం చేశారు? ఆ ఏడు రంగుల పూస ఎక్కడి నుంచి వచ్చింది?

మన వాడుక మాటల్లోనే కొంత జవాబు ఉంది. సంస్కృతంలో స్ఫటికం, తెలుగు నోట్లో పటికం అయింది. గడప మీద దిష్టికి నల్లదారంతో కట్టే పటిక, పిల్లలు చప్పరించే పటికబెల్లం (మా జిల్లాలో కలకండ అంటాం) రెండింటి పేర్లూ ఆ స్ఫటికం నుంచి వచ్చినవే. చూడ్డానికి గాజులా, అంచులు తీరిన ముక్కలుగా ఉంటాయి కాబట్టి ఆ పేరు. వీటిలో పటిక నిజంగా పని చేసే స్ఫటికం. మంగలి షాపులో గడ్డం గీశాక తడి పటిక బిళ్లతో చెంప రుద్దితే చురుక్కుమంటుంది, గాటు దగ్గర నెత్తురు ఆగిపోతుంది. బురద నీళ్ల బిందెలో నాలుగుసార్లు తిప్పితే మట్టి అడుగుకు దిగుతుంది. పటికలో ఉన్న అల్యూమినియం లవణం మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తుంది. తాకితేనో, కరిగితేనో దాని పని. ఊరికే దగ్గరుంటే పటిక ఏమీ చేయదు. మన ముసలమ్మలు ఈ తేడా ఎరిగినవాళ్లు: దిష్టికి కట్టిన పటికను నీళ్ల బిందెలో వేసేవాళ్లు కాదు, బిందెలో తిప్పే పటికకు దండం పెట్టేవాళ్లు కాదు.

ఇక రత్నాలు. తిరుపతికీ రత్నాలకూ ఉన్న బంధం వైద్యంది కాదు, కైంకర్యానిది. కృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరిలో మొదటిసారి తిరుమల వచ్చినప్పుడు స్వామికి నవరత్న కిరీటం సమర్పించాడని శాసనాలు చెబుతున్నాయి. ఆయనకు ముందే, 15వ శతాబ్దంలో, అన్నమయ్య ఒక్క కీర్తనలో తొమ్మిది రత్నాలనూ పేరు పేరునా పలికాడు. యశోద ముంగిట్లో ముత్యంతో మొదలుపెట్టి వేంకటాద్రి ఇంద్రనీలం దాకా వచ్చాడు. అందులో ఏ రాయీ ఏ రోగానికీ మందు కాదు, ఏ గ్రహానికీ శాంతి కాదు. తొమ్మిదీ కృష్ణుడే.

గ్రహాల లెక్క వేరు. ఆరో శతాబ్దపు జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రం, ముత్యం, పద్మరాగం, మరకతాలకు వేర్వేరు అధ్యాయాలే రాశాడు. కానీ ఆయన ధ్యాసంతా జాతిరాయి ఏది, దోషమున్న రాయి ఏది, వెల ఎంత అన్న పరీక్ష మీదే. సూర్యుడికి మాణిక్యం, శనికి నీలం, రాహువుకు గోమేధికం, కేతువుకు వైడూర్యం అని గ్రహానికో రాయిని కట్టిపెట్టిన జాబితా తర్వాతి జ్యోతిష గ్రంథాల్లో స్థిరపడింది. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజకు వచ్చేవాళ్ల చేతివేళ్లు చూడండి, ఆ జాబితా ఇంకా ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. అందులోనూ నియమాలున్నాయి. జాతకం చూడకుండా రాయి చెప్పరు. నీలమైతే మూడు రోజులు దిండు కింద పెట్టుకుని, కలలూ కష్టనష్టాలూ చూసుకుని గాని వేలికి తొడగరు. దీన్ని నమ్మాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సింది. నేను గమనించమనేది ఒక్కటే: అది గ్రహదోషానికి చెప్పింది. షుగరుకు కాదు.

వైద్యంలో రాళ్లు లేవా అంటే, ఉన్నాయి. చరక సంహితలో ఎక్కిళ్లకూ ఆయాసానికీ ముక్తాది చూర్ణం అని ఒక మందు ఉంది. అందులో ముత్యం, పగడం, వైడూర్యం, శంఖం, స్ఫటికం పడతాయి. తర్వాత వచ్చిన రసశాస్త్రం (లోహాలు, ఖనిజాలతో మందులు చేసే ఆయుర్వేద శాఖ) రత్నాలను శుద్ధి చేయడం, పుటం పెట్టి భస్మం తీయడం, గులాబీ నీళ్లతో రోజుల తరబడి నూరి పిష్టి చేయడం అన్నీ వివరంగా రాసింది. ప్రవాళ (పగడపు) పిష్టి ఇప్పటికీ ఆయుర్వేద షాపుల్లో దొరుకుతుంది. పగడం ప్రధానంగా కాల్షియం కార్బొనేటే కాబట్టి కడుపులో మంటకు అది పని చేయడంలో వింతేమీ లేదు. అయితే ఇవన్నీ నూరి, కాల్చి, తూకం వేసి, వైద్యుడు చెప్పిన మోతాదులో మింగినవి. ఆభరణంగా పెట్టుకోవడం గురించి చరకుడు వేరే చోట, దినచర్యలో చెప్పాడు. రత్నాభరణం మంగళకరం, ఆయుష్షునిస్తుంది, సంతోషాన్నిస్తుంది అన్నాడు. స్నానం, శుభ్రమైన బట్టలు, పూలమాలల వరసలో చెప్పిన మాట అది. విషానికి విరుగుడుగా కొన్ని మణులు ధరించమన్నాడు గాని, షుగరు లాంటి జబ్బుకు చికిత్స రాసేటప్పుడు ఉంగరాన్ని మందు జాగాలో పెట్టలేదు. రెండు వేల ఏళ్ల కిందటి ఆ విభజన నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

మరి ఒంట్లో శక్తి కేంద్రాలుగా చెప్పే ఏడు చక్రాలకు ఏడు రంగుల పూసలు?

ఈ దారి మన పక్కనుంచే పోయింది. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) 1882లో మద్రాసు అడయారుకు వచ్చి స్థిరపడింది. దాని నాయకురాలు అనీబిసెంట్ 1915లో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో కాలేజీ పెట్టింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారు సముద్రపు ఒడ్డున చూసి జగద్గురువు కాబోతున్నాడన్న, ఆ సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటరే 1927లో చక్రాల మీద ఇంగ్లిషులో పుస్తకం రాశాడు. చక్రాలను దివ్యదృష్టితో తాను చూశానన్నాడు. అంతకు కాస్త ముందు, 1919లో, కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ వుడ్రాఫ్ చక్రాలను వివరించే 16వ శతాబ్దపు సంస్కృత గ్రంథం షట్చక్రనిరూపణాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాడు. పాశ్చాత్య పాఠకులకు చక్రం అన్న మాట అలవాటయింది ముఖ్యంగా ఈ రెండు పుస్తకాలతోనే.

ఆ సంస్కృత మూలంలో చక్రాల రంగులు ఇంద్రధనుస్సు వరసలో లేవు. బొడ్డు దగ్గర ఉంటుందనే మణిపూర చక్రం దళాలు నీటితో నిండిన మబ్బు రంగువి. బ్రేస్‌లెట్‌లో మణిపూరానికి పసుపు పూస ఉంటుంది. ఎరుపుతో మొదలై ఊదాతో ముగిసే ఆ వరస 1970ల నాటికి అమెరికాలో కుదురుకుంది. తమను 'న్యూ ఏజ్' అని చెప్పుకున్న కొత్త తరహా ఆధ్యాత్మిక బృందాలు ఆ రంగులకు తగిన రాళ్లు వెతికి పెట్టాయి: ఊదాకు అమెథిస్ట్, పసుపుకు సిట్రిన్. 1980లలో దాని మీద పుస్తకాలు, కోర్సులు వచ్చాయి. ఆ సరుకే ఇంగ్లిషు పేరుతో, ఇంగ్లిషు వివరణతో మన గుడి వీధికి చేరి, 'మన పెద్దోళ్లది' అని మనకే చెప్పుకుంటోంది. సంప్రదాయాన్ని ప్రేమించేవాళ్లు మొదట బాధపడాల్సింది ఇక్కడే అనిపిస్తుంది నాకు.

క్రిస్టల్‌కు 'వైబ్రేషన్' ఉంటుందనే మాటకు వెనుక ఒక నిజమైన ఆవిష్కరణ ఉంది. 1880లో జాక్, పియరీ క్యూరీ సోదరులు క్వార్ట్జ్ (మన స్ఫటిక మాల పూస ఇదే) లాంటి స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. దానికి తిరుగుడుగా, విద్యుత్తు ఇస్తే స్ఫటికం కంపిస్తుంది. చేతి గడియారంలోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అది బ్యాటరీ ఉన్నంతసేపే. మెడలో వేలాడే పూసకు బ్యాటరీ లేదు. అయినా రాయి పట్టుకుంటే అరచేతిలో వెచ్చదనం, జలదరింపు తెలుస్తుందని చాలామంది అంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీకి చెందిన క్రిస్టఫర్ ఫ్రెంచ్ 80 మందితో చేసిన ప్రయోగ ఫలితాన్ని 2001లో బయటపెట్టాడు. కొందరికి అసలు క్వార్ట్జ్, కొందరికి నకిలీ ఇచ్చి ధ్యానం చేయించాడు. అసలు పట్టుకున్నవాళ్లకూ నకిలీ పట్టుకున్నవాళ్లకూ అవే అనుభూతులు కలిగాయి. ఏం తెలుస్తుందో ముందే చెప్పి ఉంచినవాళ్లకు ఇంకాస్త ఎక్కువ కలిగాయి. స్ఫటిక మాలతో జపం చేసే మా అమ్మమ్మకు మనసు కుదుటపడేది. నూట ఎనిమిది చల్లటి పూసలు, ఒకే నామం, కదలని కూర్చోవడం. కుదుటపడక ఏమవుతుంది?

చట్టం కూడా ఈ గీతను చాలా కాలం కిందటే గీసింది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం తాయెత్తు, మంత్రం, కవచం లాంటివి మహిమతో రోగం నయం చేస్తాయని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఆ చట్టం షెడ్యూలులో మధుమేహం పేరు ఉంది. పూసలు అమ్మడం తప్పు కాదు, షుగరు తగ్గుతుందని ప్రకటించి అమ్మడం తప్పు. పిన్ని మళ్లీ మాత్ర మొదలుపెట్టింది. బ్రేస్‌లెట్ తీయమని నేను అనలేదు, ఆమె తీయలేదు.

ఒక మాట కొండ గురించి. ఘాట్ రోడ్డులో కనిపించే రాతి పొరలు, పైన శిలాతోరణం, ఇవన్నీ ఎక్కువగా క్వార్ట్‌జైట్. మన నగరి పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని నగరి క్వార్ట్‌జైట్ అంటారు. వంద కోట్ల ఏళ్లు దాటిన ఇసుక గట్టిపడి అయిన రాయి. దాని రసాయనం, స్ఫటిక మాల రసాయనం ఒకటే: సిలికా. అలిపిరి మెట్లెక్కే మనిషి నాలుగు గంటలు సిలికా కొండ మీదే నడుస్తాడు. దిగొచ్చాక అతనికి ఒంట్లో బాగుందనిపిస్తే ఆ పుణ్యం మెట్లది.

మరోసారి ఆ దుకాణానికి వెళ్లి, పూసలు ఎక్కడ తయారవుతాయని అడిగాను. "కొన్ని జైపూరు, కొన్ని ఖంభాత్ నుంచి వస్తాయక్కా" అన్నాడు అబ్బాయి. గుజరాత్‌లోని ఖంభాత్ అకీకు రాళ్ల పనికి వందల ఏళ్లుగా పేరున్న ఊరు. ఆ దగ్గరి లోథాల్‌లో హరప్పా కాలపు పూసల కార్ఖానా తవ్వకాల్లో బయటపడింది. ఖంభాత్‌లో సానరాయి ముందు కూర్చుని పూసలు గుండ్రంగా అరగదీసేవాళ్లకు, ఆ ఇళ్లలో ఉండేవాళ్లకు సిలికోసిస్ వస్తోందని అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధనల్లో తేలింది. గాల్లో లేచే సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. చాలామందిలో అది క్షయకు కూడా దారి తీస్తుంది. నయం చేసే మందు లేదు. సాన పట్టేటప్పుడు నీళ్లు పోయడం, దుమ్మును అక్కడికక్కడే లాగేసే గొట్టాలు పెట్టడం, అంతే ఉపాయం. ఈ పూసలు అలా నీళ్లు పోసి చేసినవేనా అని అడిగితే అబ్బాయి కాసేపు ఆలోచించి, "ఇంతవరకు ఎవురూ అడగలేదక్కా, సేటుకు ఫోన్ చేసి కనుక్కుంటా" అన్నాడు.