తిరిగి దొరికిన తుపాకీ, దాని తుప్పు: అపోహలు – వాస్తవాలు

చోరీకి గురై, ఏళ్ల తర్వాత పోలీసుల నుంచి తిరిగి చేతికందిన తుపాకీని బాగుచేయమని తెచ్చేవారిలో చాలామంది దాన్ని ముందే ఎమరీ కాగితంతో రుద్ది, తెల్లగా మెరిపించి మరీ తెస్తారు. తుప్పును ఎంత త్వరగా గీకేస్తే అంత మంచిదన్న ఈ అపోహ వల్ల జరిగినంత నష్టం నేలలో పాతిపెట్టినా జరగదు.

తుపాకీ ఉక్కుపై ఉండే నీలి-నలుపు రక్షణ పూత, అంటే బ్లూయింగ్ కూడా, తుప్పులాగే ఇనుప ఆక్సైడే. ఎర్ర తుప్పు లోహాన్ని తినేస్తుంది. బ్లూయింగులోని నల్లని మాగ్నటైట్ పొర నూనెను పట్టి ఉంచి లోహాన్ని కాపాడుతుంది. వెనిగర్, ఫాస్ఫారిక్ ఆమ్లం ఈ రెండింటినీ కరిగించేస్తాయి. ఎమరీ కాగితం అంతటితో ఆగక చెక్కడాలను, చివరకు సీరియల్ నంబరును కూడా అరగదీస్తుంది. దొంగలే నంబరును చెరిపి ఉంటే, దానిపై చేయి వేయకుండా పోలీసులకు చూపించండి.

ఛాంబరు (పేల్చేందుకు తూటా కూర్చునే గది), మ్యాగజైను (తూటాల అర) ఖాళీగా ఉన్నాయని చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. పైపై తుప్పుకు నూనె పట్టించి, నాననిచ్చి, 0000 రకం స్టీల్ ఊల్‌తో (అతి సన్నని ఉక్కు పీచుతో) మెల్లగా రుద్దితే చాలు. ముదిరిన తుప్పయితే, జిడ్డు తీసిన ఉక్కు భాగాలను స్వేదనజలంలో మరిగిస్తే ఎర్రది నల్లబడుతుంది. వదులైన పొడిని మెత్తని బ్రష్‌తో దులిపి, ఆరబెట్టి, వెంటనే నూనె రాయాలి.

ఒక పెద్దాయన తన తండ్రి వాడిన జోడుగొట్టాల తుపాకీని తెచ్చారు. అది పాత ఇనుముకు తప్ప పనికిరాదని ఎవరో చెప్పగా ఆయన నిద్ర లేక బెంగపడ్డారు గాని, అదృష్టవశాత్తు దాన్ని ముట్టుకోలేదు. రెండోసారి మరిగించాక తుప్పు కింద నుంచి ఆయన తండ్రి పేరులోని అక్షరాలు బయటపడ్డాయి. కొత్తదానిలా వేడి బ్లూయింగ్ చేయించమని బంధువులు పట్టుబట్టినా నేను ఒప్పుకోలేదు. కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలతో సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ఆ ద్రావణం, గొట్టాలను కలిపి ఉంచే మెత్తని టంకాన్ని తినేస్తుంది. ఇలాంటి వాటికి, పలుచని తుప్పు పట్టనిచ్చి, నీటిలో మరిగించి నల్లబరుస్తూ నిదానంగా సాగే రస్ట్ బ్లూయింగే తగినది.

వేలిముద్రల కోసం పోలీసులు సూపర్‌గ్లూ ఆవిరి పట్టించడం వల్ల మిగిలే తెల్లని పొరను తుప్పు అనుకోవద్దు. అసిటోన్‌తో పోతుంది, అయితే అది చెక్క మీది పాలిష్‌కు తగలకూడదు. డబ్ల్యూడీ-40 తేమను తరిమేస్తుంది, కానీ ఏళ్ల తరబడి భద్రపరచడానికి దాన్నొక్కదాన్నే నమ్మకూడదు.

పైకి శుభ్రపడితే పేల్చవచ్చన్న మాటను మాత్రం దయచేసి నమ్మవద్దు. గొట్టంలో అడ్డంకి, ఉబ్బు, లోతైన గుంటలు లేవని, పేలేటప్పుడు గొట్టం వెనుక భాగాన్ని మూసి ఉంచే లాకింగ్ భాగాలు సరిగ్గా పట్టుకుంటున్నాయని నిపుణుడు కొలిచి చెప్పేవరకు అందులో తూటా పెట్టకండి.