డ్రాఫ్ట్, సైన్యం, జీతం: కొరియా బాస్కెట్‌బాల్ ఆటగాడి కెరీర్‌పై అపోహలు - వాస్తవాలు

దక్షిణ కొరియా ప్రో బాస్కెట్‌బాల్ లీగ్‌ను కేబీఎల్ అంటారు. 1997లో మొదలైంది. ఇప్పుడు 10 జట్లు. ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో ఆరేసి సార్లు ఆడుతుంది కాబట్టి సీజన్‌కు 54 మ్యాచ్‌లు. శరదృతువులో మొదలై వసంతంలో ప్లేఆఫ్స్‌తో ముగుస్తుంది. అక్కడ ఒక ఆటగాడి కెరీర్ అర్థం కావాలంటే గణాంకాల కన్నా ముందు మూడు తేదీలు చూడాలి: డ్రాఫ్ట్‌కు, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే వేదికకు, ఎప్పుడొచ్చాడు, తప్పనిసరి సేవ కోసం సైన్యానికి ఎప్పుడు వెళ్లాడు, ఒప్పందం ముగిసి నచ్చిన జట్టుతో మాట్లాడుకోగల ఫ్రీ ఏజెంట్ ఎప్పుడయ్యాడు. అపోహలన్నీ దాదాపు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: పేరున్న యూనివర్సిటీ నుంచి స్టార్‌గా వస్తేనే లీగ్‌లో నిలుస్తారు.

కేబీఎల్‌లో అందరికన్నా ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన జూ హీ-జంగ్‌ను చూడండి. కొరియా యూనివర్సిటీలో చదువు మధ్యలో ఆపేసి, 1997లో వొంజు నారే జట్టులో ట్రైనీగా చేరాడు. అప్పటికి కొత్త ఆటగాళ్ల డ్రాఫ్టే లేదు. ట్రైనీ అంటే ఒప్పందపు ఆటగాళ్లకు ప్రాక్టీసులో తోడుండేవాడు, అంతే. అయినా 1997-98లో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అతనికే వచ్చింది. 20 సీజన్లు ఆడి 2017లో రిటైరయ్యేనాటికి 1,029 మ్యాచ్‌లు, 5,381 అసిస్టులు (సహచరుడి బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు), 1,505 స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి లాక్కున్న బంతులు). ఆ ఇరవై సీజన్లలో ఆడకుండా పోయినవి 15 మ్యాచ్‌లే.

అంతకన్నా చెప్పుకోవాల్సింది అతని షాట్ గురించి. మొదట్లో జూ వేగంతో నెట్టుకొచ్చిన పాయింట్ గార్డ్ (బంతి నడిపి ఆట నడిపించేవాడు), దూరం నుంచి వేసే షాట్ బలహీనం. అలాంటి గార్డ్‌ను ఆపడానికి ఒకే సూత్రం ఉంటుంది: డిఫెండర్ రెండడుగులు వెనక్కి జరిగి నిలబడతాడు. సహచరుడు అడ్డుగా నిలబడి స్క్రీన్ పెడితే పైనుంచి వెంటపడకుండా కింది నుంచి దాటేస్తాడు. దాంతో రింగువైపు దూసుకెళ్లే డ్రైవ్ దారి మూసుకుపోతుంది. అక్కడితో ఆగదు, వెనక్కి జరిగినవాడు రింగు కింది పెయింట్‌లో నిలబడే పొడుగు ఆటగాడు సెంటర్‌కు వెళ్లే పాస్‌కు కూడా అడ్డుపడతాడు. అంటే గార్డ్‌కు షాట్ లేకపోతే జట్టు మొత్తం నలుగురితో ఆడినట్టే. దీనికి మందు ఒక్కటే, వదిలేసిన షాట్‌ను వేసి చూపించడం. జూ అదే చేశాడు. 1,152 త్రీపాయింటర్లతో, రిటైరయ్యే సమయానికి లీగ్ చరిత్రలో రెండో స్థానంలో ఉన్నాడు. మధ్యలో 2009-10 సీజన్ నుంచి మూడు పాయింట్ల గీత 6.25 మీటర్ల నుంచి 6.75 మీటర్లకు జరిగింది. అర మీటరే కదా అనిపిస్తుంది. మోకాళ్ల నుంచి కాకుండా చేతుల బలంతో వేసేవాడికి నాలుగో క్వార్టర్‌లో ఆ అర మీటరే బంతిని రింగు ముందు అంచుకు తగిలిస్తుంది. అప్పటికి జూ వయసు 32.

2008-09లో అతనికి రెగ్యులర్ సీజన్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) వచ్చినప్పుడు జట్టు ఏడో స్థానం, ప్లేఆఫ్స్‌కే చేరలేదు. ఓడిన జట్టు ఆటగాడికి ఓటు వేయించుకోవడం ఏ లీగ్‌లోనూ తేలిక కాదు.

అలాగని ఇప్పుడూ ట్రైనీ దారిని నమ్ముకోమని కాదు. డ్రాఫ్ట్ చివరి రౌండ్లలో చాలా జట్లు ఎవరి పేరూ పిలవకుండా వదిలేస్తాయి. పిలవాలన్న నిర్బంధం లేదు.

అపోహ: నాలుగేళ్ల కాలేజీ ఆట తప్పనిసరి.

చాలాకాలం ఆనవాయితీ అదే, నిబంధన మాత్రం కాదు. 2015లో హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన సాంగ్ గ్యో-చాంగ్‌ను కేసీసీ జట్టు మూడో నంబర్‌లో తీసుకుంది. 2020-21లో అతను ఎంవీపీ అయ్యాడు. 2020లో చా మిన్-సోక్ హైస్కూల్ నుంచి వచ్చి మొదటి నంబర్‌కు ఎంపికైన తొలి ఆటగాడు. 2024 డ్రాఫ్ట్‌లో అయితే మొదటి ఇద్దరూ హైస్కూల్ పిల్లలే. తొందరగా వస్తే సైన్యం ముందే పూర్తవుతుంది, ఫ్రీ ఏజెంట్ హక్కు ఇరవైల్లోనే చేతికొస్తుంది. నష్టమూ ఉంది. కాలేజీలో వారం వారం ముప్పై నిమిషాలు ఆడాల్సిన కుర్రాడు బెంచీ మీద కూర్చుంటాడు.

అపోహ: ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిస్తే సైనిక సేవ పూర్తిగా మాఫీ.

మాఫీ కాదు, సేవ రూపం మారుతుంది. ఏషియన్ గేమ్స్ స్వర్ణం లేదా ఒలింపిక్ పతకం ఉన్నవారు కొన్ని వారాల ప్రాథమిక శిక్షణ పొంది, 34 నెలలు తమ క్రీడలోనే కొనసాగాలి. దాంతోపాటు ఇప్పటి నిబంధన ప్రకారం 544 గంటల స్వచ్ఛంద సేవ చేయాలి. లీగ్ మ్యాచ్‌లు పోవు, అసలు లాభం అదే.

పురుషుల బాస్కెట్‌బాల్‌కు ఈ అవకాశం మాటిమాటికీ రాదు. 2002 బుసాన్‌లో ఓవర్‌టైమ్‌లో చైనాపై 102-100, 2014 ఇంచియాన్‌లో ఇరాన్‌పై 79-77. ఆ తర్వాత స్వర్ణం లేదు. 2023లో హాంగ్‌జౌలో ఏడో స్థానంతో తిరిగొచ్చారు. 2014 ఫైనల్ నాటికి ఓ సే-గున్ అనే ఆటగాడు సైనిక యూనిఫాంలోనే ఉన్నాడు. ఆ స్వర్ణంతో గడువుకు ముందే విడుదలై క్లబ్‌కు చేరాడు.

మిగతావాళ్లు సైన్యం క్రీడా విభాగం సాంగ్‌ము కోసం పోటీ పడతారు. ఏటా చోటు దొరికేది కొద్దిమందికే. అక్కడ సేవ 18 నెలలు, ఆట రెండో స్థాయి లీగ్ అయిన డి-లీగ్‌లో. ఇక్కడ నెలల లెక్క ముఖ్యం. సీజన్ ముగిశాక మే నెలలో చేరితే వచ్చే ఏడాది నవంబరులో బయటికొస్తారు, పోయేది ఒక పూర్తి సీజన్, మరో సీజన్‌లో మొదటి నెల మాత్రమే. అదే డిసెంబరులో చేరితే నడుస్తున్న సీజన్‌లో సగానికి పైగా, తర్వాతి సీజన్ మొత్తం పోతాయి. సాంగ్ గ్యో-చాంగ్ 2022 మేలో వెళ్లి 2023 నవంబరులో వచ్చాడు. 2024 వసంతంలో అతని జట్టు కేసీసీ ఐదో స్థానం నుంచి టైటిల్ గెలిచింది. ఐదో స్థానపు జట్టు ఛాంపియన్ కావడం లీగ్‌లో అదే మొదటిసారి.

అపోహ: మరీ పొడవుంటే సేవే ఉండదు.

204 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే యూనిఫాం బదులు ప్రభుత్వ కార్యాలయాల్లో పౌర సేవ. 221 సెంటీమీటర్ల హా సంగ్-జిన్ కూడా ఆ సేవ కోసం రెండు సీజన్లు వదులుకున్నాడు. అమెరికా ప్రో లీగ్ ఎన్‌బీఏలో ఆడిన తొలి కొరియన్ అతనే. 2004లో అక్కడి పోర్ట్‌లాండ్ జట్టు డ్రాఫ్ట్‌లో 46వ నంబర్‌లో తీసుకుంది, రెండు సీజన్లలో ఆడినవి 46 మ్యాచ్‌లు.

అపోహ: జట్టు మారాలంటే ఎక్కువ డబ్బు ఇచ్చేవాళ్లు దొరికితే చాలు.

జీతాలకు జట్టు మొత్తం మీద పరిమితి, అంటే సాలరీ క్యాప్ ఉంటుంది. 2019లో కిమ్ జాంగ్-గ్యూ ఎల్‌జీ జట్టు నుంచి డీబీ జట్టుకు 127 కోట్ల 90 లక్షల వోన్లకు వెళ్లాడు. రూపాయల్లో ఏడున్నర కోట్ల చుట్టూ. ఆ సీజన్ క్యాప్ 250 కోట్ల వోన్లు. అంటే సగానికి పైగా ఒక్కడికే. మిగిలిన దానిలో డజను మందిని సర్దాలి. ఈ అంకెలో కూడా కొంత భాగం ప్రదర్శనను బట్టి ఇచ్చే ఇన్‌సెంటివ్. పత్రికల్లో కనిపించేది రెండూ కలిపిన మొత్తం.

జట్టు మారడానికి అసలు అడ్డు పరిహారం. జీతాల్లో మొదటి 30 మందిలో ఉన్న ఫ్రీ ఏజెంట్‌ను తీసుకుంటే, పాత జట్టుకు ఒక ఆటగాడినీ ఆ ఫ్రీ ఏజెంట్ గత ఏడాది జీతంలో 50 శాతాన్నీ ఇవ్వాలి, లేదా ఆ జీతానికి 200 శాతం డబ్బు కట్టాలి. ఎంచుకునేది పాత జట్టే. గత జీతం 40 కోట్ల వోన్లైతే, ఆటగాడితోపాటు 20 కోట్లు లేదా నేరుగా 80 కోట్లు. కొత్త జట్టు వదులుకోకుండా కాపాడుకునే జాబితాలో నాలుగు పేర్లే పడతాయి, ఐదోవాడు పోవచ్చు. అందుకే 31వ ర్యాంకు వాడికి ఒక్కోసారి 25వ ర్యాంకు వాడి కన్నా ఎక్కువ ఫోన్లు వస్తాయి. 35 ఏళ్లు నిండితే పరిహారం లేదు, ముసలి గార్డ్‌లు తేలిగ్గా జట్లు మారడానికి కారణం అదే.

అపోహ: విదేశీయులే అంతా ఆడతారు, కొరియన్లు పాస్‌లివ్వడానికి ఉంటారు.

2019-20లో జట్టుకు ఇద్దరు విదేశీయులు, కోర్టులో ఒక్కసారికి ఒక్కరే అన్న నిబంధన వచ్చింది. అంతకుముందు ఏడాది వింత నిబంధన ఒకటి నడిచింది: పెద్ద ఆటగాడు 200 సెంటీమీటర్ల లోపు, చిన్న ఆటగాడు 186 లోపు ఉండాలి. 2017-18లో లీగ్ టాప్ స్కోరర్ డేవిడ్ సైమన్ కొలత 202.1 వచ్చింది. రెండు సెంటీమీటర్లకు ఇంటికి పంపేశారు. మరుసటి ఏడాదే ఆ నిబంధన ఎత్తేశారు, ఆలస్యంగానైనా.

అపోహ: పౌరసత్వం వస్తే స్థానిక ఆటగాడే.

అమెరికాలో పుట్టిన రికార్డో రాట్లిఫ్ 2018 జనవరిలో కొరియా పౌరసత్వం తీసుకుని రా గన్-ఆ అయ్యాడు. 2019 ప్రపంచకప్‌లో కొరియా జెర్సీ వేసుకున్నాడు. లీగ్‌లో మాత్రం ప్రత్యేక నిబంధనల కింద ఆడాడు, 2024లో కేసీసీతో ఒప్పందం ముగిశాక అతన్ని విదేశీ ఆటగాడిగానే లెక్కించాలని కేబీఎల్ తేల్చింది. అతను కావాలనుకున్న జట్టు తన రెండు విదేశీ చోట్లలో ఒకటి వాడుకోవాల్సిందే.