ఆర్గన్ ట్రియోలో బాస్ ఎక్కడుంది? లైవ్ రికార్డింగ్ అపోహలు - వాస్తవాలు

1957 నవంబర్ 15న న్యూయార్క్ హార్లెమ్‌లోని స్మాల్స్ ప్యారడైజ్ క్లబ్బులో జాజ్ ఆర్గనిస్టు జిమ్మీ స్మిత్ వాయించినదాన్ని బ్లూ నోట్ అనే రికార్డు కంపెనీ కోసం సౌండ్ ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ రికార్డు చేశాడు. ఆర్గన్ స్మిత్, గిటార్ ఎడ్డీ మెక్‌ఫాడెన్, డ్రమ్స్ డొనాల్డ్ బెయిలీ. ముగ్గురే. విన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది: “మరి ఆ బాస్ (అడుగు స్వరాలు) ఎవరు వాయించారు? తర్వాత కలిపారా?”

ఎవరూ కలపలేదు. అది స్మిత్ ఎడమచెయ్యి. కింది మాన్యువల్ (చేత్తో వాయించే కీబోర్డు) మీద బాస్ నడుస్తుంటే, కాలు పెడల్‌ని తట్టి ఆ స్వరాలకు దెబ్బ ఇస్తుంది.

వినేవాళ్లకు ఈ అపోహతో నష్టం లేదు. రికార్డు చేసేవాళ్లను మాత్రం నిండా ముంచుతుంది. బాస్ ప్లేయర్ లేడు కదా అని లెస్లీ (ఆర్గన్ శబ్దాన్ని తిప్పి వినిపించే స్పీకర్ పెట్టె) పైభాగానికి ఒక్క మైకు పెట్టి, అలవాటుగా 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అడుగు స్వరాలను కోసేసే ఫిల్టర్) నొక్కేస్తారు. లెస్లీ 122లో 800 హెర్ట్జ్ పైన ఉన్నది మాత్రమే పైన తిరిగే హార్న్‌కి (బాకాకి) వెళ్తుంది. మిగతాదంతా అడుగున 15 అంగుళాల స్పీకర్, దాని కింద తిరిగే డ్రమ్‌లోంచి వస్తుంది. మాన్యువల్‌లో అట్టడుగు స్వరం 65 హెర్ట్జ్, పెడల్‌లో 32.7. ఇక మీ ట్రాక్‌లో ఏం మిగిలింది? మిక్స్‌లో ఈక్యూతో అడుగు స్వరాలను ఎంత పెంచినా పైకొచ్చేది కిక్ డ్రమ్ చప్పుడూ, హమ్మూ.

పైన రెండు మైకులు, లూవర్లకు (పెట్టెలోంచి శబ్దం బయటకొచ్చే చీలికలకు) సుమారు 30 సెం.మీ. దూరంలో, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో పెట్టండి. సరిగ్గా ఎదురెదురుగా పెడితే శబ్దం కుడిఎడమలకు గెంతుతుంది, మోనోలో డొల్లగా వినిపిస్తుంది. కింద ఒక్క మైకు చాలు, కిక్ డ్రమ్‌కి వాడేదే. పాన్ (కుడిఎడమల సర్దుబాటు) నడిమధ్యన, లో కట్ ఆఫ్. మరీ దగ్గరికి జరిపితే రోటర్ గాలి తగిలి గుప్పుగుప్పుమంటుంది. వెనక చెక్క తీసేస్తే మోటార్ మోత అదనం. సౌండ్‌చెక్‌లో ఎడమచెయ్యి ఒక్కటే వాయించమనండి, లెస్లీ నెమ్మదిగా తిరిగేటప్పుడూ వేగంగా తిరిగేటప్పుడూ. వేగంలో బాస్ ఊగితే మైకు కాస్త వెనక్కి జరపండి. ఎక్స్‌ప్రెషన్ పెడల్ (శబ్దం పెంచే, తగ్గించే పెడల్) పూర్తిగా తొక్కించి లెవెల్ పెట్టుకోండి, లేకపోతే మొదటి సోలోలోనే పగులుతుంది.

మిగతావి గబగబా. కీ క్లిక్ (కీ నొక్కగానే వినిపించే టిక్కు) లోపం కాదు. ఒక్కో కీ కింద తొమ్మిది కాంటాక్టులు, అన్నీ ఒకే క్షణంలో తగలవు. టిక్కులు చెరిపే డీక్లికర్‌తో తుడిస్తే దెబ్బ కూడా పోతుంది. లెగాటోలో (స్వరాలను విడవకుండా కలిపి వాయిస్తే) పర్కషన్ (స్వరం మొదట్లో వచ్చే అదనపు దెబ్బ) మోగకపోవడం, పర్కషన్ ఆన్‌లో ఉంటే తొమ్మిదో డ్రాబార్ (స్వరం రంగు మార్చే లాగుడు కడ్డీ) మూగబోవడం హామండ్ బి-3 మోడల్ ఆర్గన్ తయారీలోనే ఉన్నాయి. కంగారుపడి మెకానిక్‌ని పిలవకండి.

“అమెరికా ఆర్గన్‌కి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాలు” అనేది మాత్రం డబ్బు తగలేసే మాట. ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టులు మారుస్తుంది, హెర్ట్జ్ మార్చదు. ఆర్గన్‌లో స్వరాలు పుట్టించే చక్రాలను తిప్పేది కరెంటు హెర్ట్జ్‌ని బట్టి వేగం మారే సింక్రనస్ మోటార్; అమెరికా 60 హెర్ట్జ్‌కి చేసినది మన 50 మీద ఆరింట ఐదొంతుల వేగంతోనే తిరుగుతుంది. సి స్వరం నొక్కితే మూడు సెమీటోన్లు (అరస్వరాలు) దిగి, ఎ స్వరం కన్నా కాస్త కిందే పలుకుతుంది. ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ కావాలి, లేదా 50 హెర్ట్జ్‌కి తయారైన ఆర్గన్ కొనాలి.

డీజిల్ జనరేటర్ మీద కచేరీ అయితే అదే బెడద చిన్నగా ఉంటుంది. 50లో ఒక్క హెర్ట్జ్ తగ్గితే శ్రుతి 35 సెంట్లు (సెమీటోన్‌లో వందో వంతు ఒక సెంటు) దిగుతుంది. గిటారిస్టుని ట్యూనర్ పక్కనపెట్టి ఆర్గన్ ఎ-కి శ్రుతి చేసుకోమనండి, అదీ జనరేటర్ మీద లోడంతా పడేలా స్టేజి లైట్లన్నీ వెలిగించాక.