పాతకాలం తిండి: అపోహలు - వాస్తవాలు, మధ్యలో మా అమ్మమ్మ

మా ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్ కోర్సులో మొదటి ఏడాదే నేర్పే పని ఒకటుంది. ఎదుటి మనిషిని కూర్చోబెట్టి, నిన్న పొద్దున్న లేచింది మొదలు ఈ పొద్దున్న దాకా నోట్లోకి ఏమేం వెళ్ళిందో వరసగా అడిగి ఒక ఫారంలో రాసుకోవాలి. టీలు, పక్కింటివాళ్ళు పెట్టిన జంతికతో సహా. సంక్రాంతి సెలవులకి కోనసీమలో మా ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ మీద దీన్ని ప్రయోగించాను. కాకపోతే నిన్నటి సంగతి వదిలేసి, చిన్నప్పుడు ఏం తినేదానివో చెప్పమన్నాను.

ఇంక చూడండి. అరిసెలు, పనసపొట్టు కూర, పులస పులుసు, మామిడి తాండ్ర, మీగడ పెరుగు... అరగంట చెప్పింది. అంతా రాసుకుని, "మరి మామూలు మంగళవారం నాడో, అమ్మమ్మా?" అన్నాను. కాసేపు ఆలోచించింది. "మంగళారం ఏముంటదే? పొద్దున్న చద్దన్నం. మధ్యాహ్నం తోటకూరో, గోంగూర పచ్చడో. ఉంటే మజ్జిగ. భాద్రపదంలో గింజలు అయిపోతే గంజే."

పులస కూడా ఒక్కసారే తిందట, అదీ మేనమామ గారింట్లో.

పాతకాలం తిండి అని ఇప్పుడు మనం మురిసిపోయేదంతా ఆ మొదటి అరగంటే. ఆ మంగళవారం ఎవరికీ గుర్తులేదు. ట్రైనింగ్ కోసం ఒక ఆసుపత్రి డైట్ విభాగంలో కూర్చున్న మూడు నెలల్లో నేను మళ్ళీ మళ్ళీ విన్న మాటలు ఇవి.

అపోహ: ఆ రోజుల్లో అందరూ పుష్టిగా తినేవారు, రోగాలే లేవు.

వాస్తవం: ఏ రోజుల్లో? 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువుని మన పెద్దలు నందన కరువు అనే పిలుచుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం పచ్చగా చూస్తున్న డెల్టా ఆ తర్వాతి డెల్టా. నీళ్ళొచ్చాక కూడా పంట అందరి గాదెల్లోకీ వెళ్ళలేదు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారిని (1841-1909) ఇప్పటికీ అన్నపూర్ణ అని తలుచుకుంటున్నాం, బడి భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నాం. ఊరందరికీ కడుపు నిండుతుంటే, అన్నం పెట్టిన ఒక ఇల్లాలి పేరు ఇన్నేళ్ళు నిలిచేదా?

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ ప్రాంతంలో ఉండేది. అంటే అందరూ ముప్ఫైకే పోయారని కాదు, పసిపిల్లలు ఎక్కువ పోయేవారు. బతికి బట్టకట్టినవాళ్ళలో గట్టివాళ్ళే మనకి తాతలుగా కనిపించారు. "మా తాత తొంభై ఏళ్ళు బతికాడండీ" అన్న ప్రతి ఒక్కరినీ, "తాతగారి అన్నదమ్ములు ఎంతమందండీ, ఎంతమంది మిగిలారు?" అని అడగాలనిపిస్తుంది. అడగను, బాగుండదు.

అపోహ: బియ్యం ఎంత తెల్లగా ఉంటే అంత మేలురకం.

వాస్తవం: దీని వెనక మన జిల్లాల కథే ఉంది. ఒకప్పుడు సర్కారు జిల్లాల్లో, అంటే కోస్తా ఆంధ్రలో, బెరిబెరి బాగా ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, చివరికి గుండె మీదికి వచ్చే జబ్బు. మద్రాసు సైన్యంలో పనిచేసిన మాల్కమ్సన్ అనే డాక్టరు 1835లోనే దీని గురించి వివరంగా రాశాడు. కారణం మాత్రం దొరకలేదు. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లబియ్యం తిన్న కోళ్ళకి కాళ్ళు పడిపోవడం, తవుడు కలిపి పెడితే లేచి తిరగడం గమనించాడు. 1929లో నోబెల్ వచ్చింది. తవుడులో ఉన్నది బి1 విటమిన్ అని తర్వాత తేలింది.

అయినా మన వైపు జబ్బు పోలేదు. మరలు వచ్చాక తవుడు మరింత శుభ్రంగా పోయింది. ఆపైన రెండు మూడు సార్లు కడగడం, ఎసరు ఎక్కువ పోసి వండి గంజి వార్చడం. నీళ్ళలో కరిగే బి1 అటే పోతుంది. కూనూరు ప్రయోగశాల వాళ్ళు (అదే 1958లో హైదరాబాద్ తరలివచ్చింది, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ) 1940 నాటికి తేల్చిందేమిటంటే, పచ్చిబియ్యం మరపట్టి తినే సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉంది, ఉప్పుడు బియ్యం తినేచోట దాదాపు లేదు. వడ్లని నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు బి1 పైపొర నుంచి గింజలోకి దిగుతుంది. ఆ తర్వాత మరపట్టినా చాలావరకు మిగులుతుంది.

ఇప్పుడు తమాషా చూడండి. గోదావరి జిల్లాల మిల్లుల్లో ఉప్పుడు బియ్యం తయారై లారీల్లో కేరళ పోతాయి. మనం మాత్రం "వాసనండీ" అని ముట్టుకోం.

అమ్మమ్మని అడిగితే, వార్చిన గంజిలో ఉప్పేసి పిల్లలకి ఇచ్చేవారట, మిగిలింది కుడితి తొట్టిలోకి. ఆ లెక్కన బి1 మాకు సగం, గేదెకి సగం. మీరు అన్నం వారుస్తుంటే గంజి పారబొయ్యకండి, పప్పులోనో చారులోనో కలపండి. కుక్కరులో అత్తెసరు పెట్టేవాళ్ళకి ఆ బాధే లేదు.

అపోహ: బెల్లం కాబట్టి సుగరుకి ఏం కాదు.

వాస్తవం: 100 గ్రాముల పంచదారలో దాదాపు 400 కేలరీలు, బెల్లంలో 380 దాకా. అంతే తేడా. "ఆయ్, పంచదార మానేసి ఆర్నెల్లయిందమ్మా, ఇప్పుడంతా బెల్లం పూతరేకులే" అని ఒక పెద్దాయన సంతోషంగా చెప్పారు. ఆయన రిపోర్టు చేతిలో పెట్టుకుని ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.

అపోహ: ఎర్రటి ఆవకాయ అనాదిగా వస్తున్న తిండి, ఎంత తిన్నా మంచిదే.

వాస్తవం: మిరపకాయ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి వంటశాలలో ఒక్క మిరపకాయా లేదు. కారం కావాలంటే మిరియాలు, ఘాటుకి ఆవాలు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. "మన తిండి" అనేది ఎప్పుడూ ఒకేచోట ఆగిపోయి లేదు, అందుకే ఓట్స్‌ని చూసి ఉలిక్కిపడక్కర్లేదు, నెత్తిన పెట్టుకోనూ అక్కర్లేదు. ఆవకాయతో అసలు చిక్కు కారం కాదు, ఉప్పు. రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ ముక్క, ఎండుచేప, అప్పడం ఒకే పళ్ళెంలో పడితే మధ్యాహ్నానికే కోటా అయిపోతుంది.

అపోహ: చద్దన్నంలో రాత్రికి రాత్రే ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుంది, బి12 పుట్టుకొస్తుంది.

వాస్తవం: ఇనుము ఖనిజం. నీళ్ళలో నానినంత మాత్రాన ఎక్కడినుంచో పుట్టదు. పులిసినప్పుడు జరిగే మేలు వేరు: ఇనుముని పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి, ఉన్న ఇనుమే ఒంటికి బాగా పడుతుంది. కొన్ని బి విటమిన్లు కాస్త పెరుగుతాయి. బి12 కోసం మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. పాలు, గుడ్డు, చేప చూసుకోండి. ఇంకో మాట. నీళ్ళు పోయకుండా రాత్రంతా గిన్నెలో వెచ్చగా వదిలేసిన అన్నం చద్దన్నం కాదు. అందులో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

అపోహ: వరి వదిలేసి చిరుధాన్యాలకి మారితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: చోళ్ళలో (రాగులు) కాల్షియం 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే, బియ్యంలో పది కూడా ఉండదు. ఇది నిజంగా పెద్ద తేడా. కేలరీల్లో మాత్రం పెద్ద తేడా లేదు. కొర్రన్నం కూడా కొండలా పెట్టుకుంటే అదీ అన్నమే. మన మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకాన్నే చూడండి, 2012లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 235 వరి రకాలు పరీక్షిస్తే, గ్లైసీమిక్ సూచీ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) తక్కువున్న వాటిలో అదీ ఉంది. నా దృష్టిలో తప్పు గింజది కాదు, పళ్ళెంలో ముప్పాతిక అన్నం, మూల కాస్త కూర ఉండటానిది.

అపోహ: మంచి తిండంటే ఖరీదైన తిండి.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను. రెండో వారంలోనే గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామం నుంచి వచ్చిన గర్భిణికి, రక్తం తక్కువగా ఉందని, పుస్తకం చూసి బ్రోకలీ, కినోవా రాసిచ్చాను. ఆ అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇయ్యి మా సంతలో అమ్ముతారాండీ?" అంది. కాగితం వెనక్కి తీసుకుని తోటకూర, పెసలు, గుడ్డు, మధ్యలో జామకాయ అని రాశాను. ఆసుపత్రిలో ఇస్తున్న ఐరన్ మాత్ర వేసుకోమని, అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దని చెప్పాను.

ఆ మాత్రలో ఇనుముతోపాటు ఉండే ఫోలిక్ యాసిడ్‌కి ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే పేరొచ్చింది, 1941లో దాన్ని పాలకూర నుంచి తీశారు. 1945లో అమెరికాలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకి తర్వాత మందైంది ఈ ఫోలిక్ యాసిడే.

చేపల సంగతీ అంతే. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, తినండి, రుచికి. ఒమేగా కొవ్వుల కోసమైతే కానగంతలు చాలు (ఆ చేప శాస్త్రీయ నామంలో ఉన్న కానగుర్తా మన తెలుగు మాటే). మెత్తళ్ళు ముళ్ళతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం అదనం.

అపోహ: న్యూట్రిషన్ చదివేవాళ్ళు పద్ధతిగా తింటారు.

వాస్తవం: పోయిన మంగళవారం నా ఫారం. పొద్దున్న టీ. పదకొండింటికి ఎగ్ పఫ్. మధ్యాహ్నం మెస్సులో అన్నం, సాంబారు, అప్పడాలు మూడు. సాయంత్రం టీ, బిస్కెట్లు. రాత్రి నూడుల్స్. ఆకుకూరల గడిలో అడ్డగీత.